అవతలి సగం గీసిన డ్రాయింగ్ సాబ్

డ్రాయింగ్ సాబ్ చనిపోయిన కబురు మాకు ఇనుప లోడుతో పాటు వచ్చింది. నార్కట్‌పల్లి మీదుగా వచ్చిన లారీ డ్రైవరు తాళ్లు విప్పుకుంటూ, నోట్లోంచి బీడీ తీయకుండానే చెప్పాడు.

"మీ పాత డ్రాయింగ్ సాబ్ పాణం ఇడిసిండంట గదనే. నల్లగొండ దవాఖానల. నిన్న మాపటికే మట్టి చేసిన్రు."

ఆ వెంటనే అదే గొంతుతో, "లోడు ఏడ దించాలె?" అన్నాడు.

దించాం. ఏం చేస్తాం మరి, షెడ్డు ఓనరు సేటు అద్దాల గదిలోంచి చూస్తున్నాడు. మనిషి పోయాడన్న మాటకు మా షెడ్డులో దొరికిన తీరిక అంతే.

ఆయన మీకు తెలియడు కాబట్టి మొదటి నుంచి చెబుతాను. మేళ్లచెరువు చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకు సున్నపురాయి మోసే బెల్టులుంటాయి. ఆ బెల్టుల కింద తిరిగే రోలర్లు, వాటిని పట్టి ఉంచే ఇనుప చట్రాలు చేసి ఇచ్చే షెడ్డు మాది. నేనక్కడ ఫిట్టర్ని. పదో తరగతి పరీక్ష గుమ్మం దాకా పోయి తిరిగొచ్చిన ఘనుణ్ణి. ఇంగ్లీషు ముక్క రాదు. కానీ డ్రాయింగ్ సాబ్ గీత వచ్చు. బడి నేర్పలేని చదువు ఆ గీతలు నేర్పాయి. ఎనభైల్లో నేను చేరేనాటికే ఆయన ఆ షెడ్డు మూల గదిలో, వాలు బల్ల ముందు, చెవి వెనక పెన్సిలుతో పాతుకుపోయి ఉన్నాడు.

పోయినవాళ్లందరినీ మంచివాళ్లని రాయడం నాకు చేతకాదు. సాబ్ కోపిష్టి. ఆయన పెన్సిలు ముట్టుకుంటే మా ఏడు తరాలకూ ఉర్దూలో మర్యాద జరిగేది. గొప్పలు కూడా తక్కువేం కాదు. రబ్బరు పొట్టును కోడి ఈకతో ఊడ్చేసి, తన గీతను తనే వెనక్కి జరిగి చూసుకునేవాడు.

"చూడుర, కంటికి సుర్మా పెట్టినట్టు లేదా?"

"ఉన్నది సాబ్. కన్నే కనవడుతలేదు," అనేవాణ్ణి నేను. ఈక నా మొహం మీదికి వచ్చేది.

ఆయన పనిలో ఒక అలవాటుంది. బల్ల మీద గీసేవాళ్లందరికీ ఉండేదే. చట్రానికి కుడి పక్క ఎలా ఉంటుందో ఎడమ పక్కా అలాగే ఉంటుంది గదా, అందుకని ఒక పక్కే గీసి, నడుమ తెగిన గీత ఒకటి పెట్టి వదిలేసేవాడు. అవతలి సగం కూడా ఇంతే అని మేం అనుకోవాలి. ఏ భాగం ఎన్ని కావాలో పట్టీ రాసేటప్పుడు మాత్రం అన్నీ రెండింతలు వేసి రాసేవాడు. ఎందుకు సాబ్ సగమే గీస్తావంటే, "ఒక మీసం చూపిస్తే రెండోది ఎట్లుంటదో చెప్పలేవార?" అని గదమాయించేవాడు.

నల్లగొండ ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన ఎముకలు ఆయనవి. నలభై దాటేసరికి మెడ కొయ్యబారింది. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. బల్ల మీదికి వంగి గీస్తుంటే సాయంత్రానికి కళ్లలో నీళ్లు తిరిగేవి. అడిగితే దుమ్ము అనేవాడు. సున్నపురాయి ఊళ్లో ఆ సాకు బాగా చెల్లుతుంది.

తొంభైలు సగానికి వచ్చాక సేటు కంప్యూటర్ కొన్నాడు. దాంతో పాటు హైదరాబాదులో కోర్సు చేసిన మేనల్లుడు దిగాడు. నేను వాడికి బటన్ దొర అని పేరు పెట్టాను. సాబ్ ఆ యంత్రాన్ని చూసి మండిపడతాడని మేమంతా కాచుకుని కూర్చున్నాం. ఆయనేమో తెర ముందు నిటారుగా కూర్చుని పెళ్లికొడుకులా నవ్వాడు.

"అరె, సీదా చూసుడే! మెడ వంచే పనే లేదు. ఇన్నేండ్లు ఏడున్నదిర గిది?"

ఆ యంత్రం చేసే పని ఇదీ. ఒక్కో భాగాన్ని ఒకసారి గీసి, దాని పేరు, కొలత, ఏ లోహమో దానికే కట్టి పెట్టాలి. అలాంటి భాగాలను తెచ్చి కూర్చి తెర మీద చట్రం నిలబెడితే, ఏది ఎన్ని కావాలో యంత్రమే ఏరి, లెక్కేసి, పొడుగు కాగితం మీద కిర్రుమంటూ అచ్చేస్తుంది. దాన్ని రిపోర్టు అనేవారు. దాన్ని బట్టే సరుకు కొనేవారు.

నేను ఊరుకుంటానా? ఒకరోజు సాబ్‌ను బతిమాలి, తెర మీద కోలగా ఒక బొమ్మ గీయించాను. పేరు మిర్చి బజ్జీ, లోహం శనగపిండి. దాన్ని చట్రం మూలకు తగిలించాం. మర్నాడు బటన్ దొర రిపోర్టు పట్టుకుని షెడ్డంతా తిరిగాడు. బోల్టులకూ బేరింగులకూ మధ్య బజ్జీ అచ్చయి ఉంది.

"ఇది ఏ కంపెనీ సరుకు? ఎక్కడ దొరుకుతుంది?" అని నన్నే అడిగాడు.

"నార్కట్‌పల్లి బస్టాండ్ కంపెనీ సార్. వేడివేడిగ పంపిస్తరు, ఉల్లిగడ్డ ఉత్తగనే."

సాబ్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. తర్వాత కళ్లు తుడుచుకుని అన్నాడు. "నవ్వినం గని యాదుంచుకో. మనం ఏది పెడితే గది లెక్కవెడ్తది. పెట్టంది దానికి తెల్వది."

అంత తెలిసిన మనిషే బోల్తా పడ్డాడు. ఒక పెద్ద ఫ్యాక్టరీ బెల్టు ఆపి మరమ్మతుకు కూర్చుంది. మా చట్రం కోసం చూస్తోంది. సాబ్ తెర మీద చట్రం కూర్చాడు, చేతి అలవాటు కొద్దీ సగమే. నడుమ తెగిన గీత. బటన్ దొర నొక్కాడు, రిపోర్టు వచ్చింది. డ్రాయింగ్ మూలన గీసినవాడి పేరు ఉండే గడిలో మేనల్లుడి పేరు వేయమని సేటు చెప్పిన రోజు అదే. సాబ్ అలకలో ఉన్నాడు. రిపోర్టు ముందు పెడితే కన్నెత్తి చూడకుండా సంతకం గీకి పడేశాడు.

సరుకు వచ్చింది. మేం బిగించాం. చట్రం కుడి పక్క దొరలా నిలబడింది. ఎడమ పక్కకు కాలు లేదు, చెయ్యి లేదు. పొలంలో కొంగలా ఒంటి కాలి మీద ఉంది. సేటు పరుగెత్తుకొచ్చాడు.

"గిదేంది సాబ్? తక్కిన సగమేది?"

"నడుమ గీత పెట్టిన గద సేటు. అవతల గూడ గట్లనే అని."

"మెషీనుకు నీ గీత సంగతి ఏం తెలుస్తది?"

"నీ మేనల్లునికన్న తెల్వాలె గద!"

బటన్ దొర కాగితం చాపాడు. "సంతకం మీదే ఉంది అంకుల్."

సాబ్ కాగితం అందుకుని తన సంతకం చూసుకున్నాడు. గదిలోకి పోయి కూర్చున్నాడు. చాయ్ తీసుకుపోతే అన్నాడు, "గలతీ నాదేర. మనిషి సదువుతడనుకోని గీసిన. సదివేది మనిషి గాదని మరిచిన."

అప్పుడు సేటు బేరం పెట్టాడు. మేమంతా విన్నాం. "ఎవరు నొక్కినా రిపోర్టు సక్కగ రావాలె. గట్ల చేసిపెట్టు సాబ్. ఆ గదికి పెద్ద నువ్వే. నువ్వున్నంత దినాలు నీ కుర్సీ నీదే."

సాబ్ నమ్మాడు. సొరుగుల్లోని పాత కాగితాలన్నీ దులిపి, అన్నేళ్లూ గీయకుండా వదిలేసిన అవతలి సగాలన్నీ గీశాడు. ఒక్కో భాగానికీ పేరు కట్టాడు, కొలత కట్టాడు. రెండు వేళ్లతో కోడి గింజలేరినట్టు కొట్టేవాడు. కొట్టిన ప్రతి భాగంతోనూ ఆ కుర్చీలో ఆయన అవసరం ఒక పిసరు తగ్గుతోందని నాకు కనిపిస్తూనే ఉంది. పదో తరగతి గట్టెక్కకపోయినా ఆ మాత్రం లెక్క వచ్చు. ఒకరోజు తలుపు మూసి చెప్పాను.

"సాబ్, ఒక్కటి దాసుకో. ఒక్క భాగానికి తప్పు కొలత కట్టు. నువ్వు లేకపోతే నడవొద్దు. అంత ఇస్తే నిన్ను ఉంచుకుంటరా?"

మనిషంతా నా వైపు తిరిగాడు.

"తప్పు కొలత పెట్టమంటవా? ఆ చట్రం కింద నీ అసొంటి గాడ్ది నిలవడ్తడు గదర."

"మరి నీ కుర్సీ?"

"సేటు జబాన్ ఇచ్చిండు."

జబాన్, అంటే మాట! ఆ మాటకు నేను నవ్వి బయటికొచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

పని పూర్తయింది. ఎవరు నొక్కినా రిపోర్టు సక్కగా వచ్చింది. నేను నొక్కినా వచ్చింది, అంతకంటే పరీక్ష ఏం కావాలి? ఆ నెలలోనే సేటు షెడ్డులో కుర్చీలు వేయించి, సాబ్‌కు శాలువా కప్పి, వయసు మీద పడింది, ఇంటి దగ్గర ఆరాంగా ఉండమని సాగనంపాడు. మేనల్లుడు ఫొటో తీశాడు. అందరం చప్పట్లు కొట్టాం. శాలువా కప్పితే కొట్టాలి గదా, అది పద్ధతి.

ఆ తర్వాత సాబ్ నల్లగొండలో ఆఫీసుల ఎదురుగా ఒక జిరాక్సు షాపు మూలన బల్ల వేసుకున్నాడు. ఇళ్లు కట్టుకునేవాళ్లకు పర్మిషన్ కోసం ప్లాన్లు గీసేవాడు. ఆ ఊరు పోయినప్పుడల్లా కలిసేవాణ్ణి. ఓసారి మెడ ఎట్లుందని అడిగాను.

"మళ్ల వంచుడే షురూ అయింది," అన్నాడు. అంతే. సేటును ఒక్క మాట అనలేదు. తిట్లన్నీ మా మీదే ఖర్చు పెట్టేశాడో ఏమో.

మట్టికి అందలేకపోయాను. మూడోనాటి జియారత్ ప్రార్థనలకు పోయాను. పెళ్లాం ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. ఆయన అక్క ఒక్కతే ఇంట్లో ఉంటుంది. మేం ఆపా అంటాం. ఫాతిహా చదవడం అయి జనం పలచబడ్డాక సేటు కారు వచ్చింది. నెత్తిన రుమాలు కట్టుకుని చాప మీద కూర్చుని, "సాబ్ అంటే మా ఇంటి మనిషి," అని కళ్లు ఒత్తుకున్నాడు. నిజంగానే మెత్తబడ్డాడేమోనని నేను కూడా ఒక్క నిమిషం అనుకున్నాను. ఆపా చాయ్ తెచ్చి ముందు పెట్టింది.

షెడ్డులో సంగతి నాకు తెలుసు. మేనల్లుడు ఇంకో నౌకరీ చూసుకుని పోయాడు. కరెంటు ఎక్కువొచ్చి కంప్యూటర్ మాడిపోయింది. సాబ్ గీసిన భాగాలన్నీ దాచిపెట్టిన ఫ్లాపీలకు బూజు పట్టింది. కొత్త ఆర్డరు నెత్తి మీద ఉంది. సేటు గొంతు తగ్గించాడు.

"ఆపా, సాబ్ ఇంట్ల ఫ్లాపీలు గిట్ల ఏమన్న పెట్టిండా? నల్లగ, పల్చగ ఉంటయి. భాగాల బొమ్మలుంటయి అండ్ల. జర వెతికి చూడు."

ఆపా అతని మొహంలోకి చూసింది.

"మా తమ్ముడు తన తాన ఉన్నదంత మీకే ఇచ్చి వచ్చిండు సేటు. ఇంటికి మెడ నొప్పి ఒక్కటే తెచ్చుకున్నడు. అది కావాల్నా?"

సేటు లేచాడు. నన్ను చూసి, "రేపు డ్యూటీకి వస్తున్నవ్ గద?" అన్నాడు. వస్తానన్నాను. వచ్చాను కూడా. ఈ రాత చదివితే నన్ను పీకేస్తాడు. చదవడు లెండి, ఇందులో ఆయనకు పనికొచ్చే కొలత ఒక్కటీ లేదు.

కారు సందులోంచి వెనక్కి పోయింది. సేటు ముట్టని చాయ్ మీద మీగడ కట్టింది. ఆపా కప్పు తీసుకుపోయి మోరీ కాలవలో ఒంపేసి, అక్కడే కూర్చుని బూడిదతో తోమడం మొదలుపెట్టింది. కప్పు ఎప్పుడో తెల్లబడింది. ఆమె తోముతూనే ఉంది.