కణాలకు తిండి ఎక్కువైన కథ

ల్యాబులో అందరూ ఆవిడను కణాల పిన్ని అంటారు. దాతలిచ్చిన రక్తంలోంచి, బాక్టీరియాను మింగే కణాలను వేరుచేసి వెచ్చటి పెట్టెలో పెంచడం ఆవిడ పని. ఏ ఊళ్ళో ఎవరి గడప తొక్కినా, వడ్డించే చెయ్యి చాలన్నా ఆగదు. పిన్ని చెయ్యీ అంతే. కణాలు కాస్త నీరసంగా ఉన్నట్టు తోస్తే చాలు, ఇంకో చుక్క సీరం పోసేది. రక్తం గడ్డకట్టాక మిగిలే పసుపు నీరే సీరం, కణాలకు బలం.

ఆ సాయంత్రం ల్యాబు నడిపే మేడమ్ మొహం వేలాడేసుకుని వచ్చింది.

"పిన్నీ, పరీక్ష మళ్ళీ బోల్తా కొట్టింది. రేపటితో ఈ పెప్టైడును వదిలేద్దాం."

పెప్టైడు ఒక బుల్లి ప్రొటీను ముక్క. బాక్టీరియా పొరకు చిల్లు పెడుతుంది. న్యుమోనియాలో బాక్టీరియాను మింగిన కణం ఎలాగూ చస్తుంది. గుట్టుగా ముడుచుకుని పోతే పక్కవి వచ్చి ఊడ్చేస్తాయి. పగిలి పోయిందా, లోపలిదంతా చిమ్మి ఊపిరితిత్తి వాచిపోతుంది. ఈ ముక్క కణాన్ని మర్యాదగా సాగనంపుతుందని మేడమ్ ఆశ. పళ్ళెంలో బాక్టీరియాతో కలిపి పెడితే మాత్రం కణాలన్నీ పగిలే పోతున్నాయి. పిన్ని ప్రాణం ఉసూరుమంది.

ఇంటికెళ్ళేసరికి భర్త మాత్ర చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"అన్నం పెట్టనా?"

"ఆగవే. కడుపు నిండా ఉంటే ఇది తిండికే అంటుకుపోతుందట. నీ చేతిలో పడ్డాక నాకు ఖాళీ కడుపెక్కడిది."

పిన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పొద్దున్నే మేడమ్ గదిలోకి వెళ్ళి, కూర్చోకుండానే చెప్పేసింది. "తప్పు పెప్టైడుది కాదు మేడమ్, నాది. పరీక్షకు ముందు సీరం వద్దన్నారు కదా. చిక్కిపోయాయని తలో చుక్క పోశాను. ఒక్క చుక్కే కదా అనుకున్నా."

మేడమ్‌కు అప్పుడు అర్థమైంది. పెప్టైడంతా సీరానికి అతుక్కుపోయిందన్నమాట.

"కణాలకు అమ్మమ్మవైపోయావు పిన్నీ. పరీక్ష మళ్ళీ పెట్టు. ఈసారి పస్తే."

ఆ పూట పిన్ని రెండు చేతులూ ఒళ్ళో ముడుచుకుని కూర్చుంది. పెట్టె తలుపు వైపు చెయ్యి వెళ్ళబోయినప్పుడల్లా రెండో చెయ్యి దాన్ని లాగేసింది.

మధ్యాహ్నం ఇద్దరూ మైక్రోస్కోపు మీద వాలారు. పళ్ళేల్లో కలిపిన ఎర్రరంగు పగిలిన కణాల్లోకే దూరుతుంది. పెప్టైడు వెయ్యని పళ్ళెం నిండా ఎరుపే. వేసినదాంట్లో అక్కడొకటి, ఇక్కడొకటి. తక్కినవన్నీ చిన్నగా ముడుచుకుని, ఏ గొడవా లేకుండా వెళ్ళిపోతున్నాయి. బాక్టీరియా జాడే పలచబడింది.

మేడమ్ పక్కకు జరిగి పిన్నికి చోటిచ్చింది. "ఎంత బుద్ధిగా పోతున్నాయో చూడు."

"పెంపకం, మేడమ్," అంది పిన్ని.

పారేసే బుట్ట పక్కన పెట్టిన పెప్టైడు డబ్బాను మేడమ్ తనే తీసుకెళ్ళి, ఫ్రీజరు పై అరలో పెట్టి వచ్చింది.