ముద్ర లేని మెసేజ్

మా ముత్తాత పుంగనూరు దగ్గర ఏడు ఊళ్లకు మిట్టాదారు, అంటే చిన్న జమీందారు. ఆయన వెండి ముద్ర లేని కాగితాన్ని ఎవరూ నమ్మేవారు కారు. నేను మదనపల్లెలో టమాటా నారు పెంచి అమ్ముతున్నాను.

పోయిన ఏడాది నారు సిద్ధమైందని, తీసుకెళ్లే రోజు లింకులో ఎంచుకోమని రైతులకు మెసేజ్ పంపాను. పొడవుగా ఉందని లింకును కుదించాను. దాంతో అందులో మా నర్సరీ పేరు పోయి, అర్థంలేని అక్షరాలు మిగిలాయి. వారమైనా ఒక్కరూ రాలేదు. నారు ముదిరిపోతోంది. ఫోన్ చేసి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది.

ఎనిమిదో రోజు పెద్దపంజాణి నుంచి మునెమ్మ అనే రైతు వచ్చింది.

"నీ పేరు చెప్పి ఎవుడో దొంగ లింకు పంపిస్తాండాడప్పా. నొక్కితే బ్యాంకులో దుడ్డు పోతాది. ఎవురూ నొక్కద్దని మూడూళ్లు తిరిగి చెప్పొచ్చినా."

"ఆ దొంగ నేనేనమ్మా" అన్నాను తల దించుకుని.

"అంత పేరుండే ఇంటోడివి, లింకులో పేరు యాల దాస్తివి?" అని నవ్వి, అక్కడే కూర్చుని అందరికీ ఫోన్ చేసింది. సాయంత్రానికి నారంతా వెళ్లిపోయింది.

నా పేరు చెడకూడదని ఆమె మూడూళ్లు తిరగడం నేను మరవలేను. ఇప్పుడు లింకు ఎంత పొడవున్నా మా పేరుతోనే పంపుతున్నాను. ముత్తాత వెండి ముద్రను మాత్రం ఈ నర్సరీ పెట్టడానికి నేనే అమ్మేశాను.