మీ వేలు సరిపోలలేదు, మళ్ళీ ప్రయత్నించండి

దూరవిద్యలో చేరినవాళ్ళకు మొదట ఒక స్వాగత వీడియో పంపిస్తారు. అందులో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన నవ్వుతూ, చదువుకోవడానికి ఇంట్లో ప్రశాంతమైన గది ఒకటి ఎంచుకోమన్నాడు. కిటికీ పక్కన బల్ల వేసుకోమన్నాడు. కుండీలో చిన్న మొక్క ఉంటే మనసుకు హాయిగా ఉంటుందన్నాడు. నేను ఆ వీడియోను పలాసలో జీడి షెడ్డులో కూర్చుని చూశాను. ఒకవైపు ఉడికించిన పిక్కల ఆవిరి, ఇంకోవైపు పెంకుల ఘాటు, మధ్యలో వరసగా కూర్చుని పిక్కలు కొడుతున్న ఇరవైమంది ఆడవాళ్ళం. షెడ్డుకు కిటికీ ఉంది గానీ దానికి బస్తాలు అడ్డం. మొక్కకు మాత్రం లోటు లేదు. ఉద్దానంలో పుట్టినదాన్ని, కొబ్బరిచెట్టూ జీడిచెట్టూ తప్ప వేరే దిక్కు చూడకుండా పెరిగాను. మనసుకు హాయి మాత్రం ఇంకా రావలసి ఉంది.

నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. పదో తరగతి తరవాత పుస్తకం ముట్టలేదు. పద్నాలుగేళ్ళుగా ముట్టుకున్నవి జీడిపిక్కలే. పిక్క పెంకులో నల్లటి రసం ఉంటుంది. చర్మానికి తగిలితే కాలుస్తుంది. అందుకని ఆముదం, బూడిద కలిపి చేతులకు పూసుకుంటాం. దానివల్ల కాలడం ఆగదు, కాస్త మర్యాదగా కాలుతుంది. కిందటేడు నా కుడిచేతి వేళ్ళు వంగడం మానేశాయి. చర్మం డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకో రెండేళ్ళు ఇదే పని చేస్తే అన్నం కలిపి పెట్టడానికి మనిషిని చూసుకోమన్నాడు. మా ఊరి అంగన్‌వాడీలో ఆయమ్మ దిగిపోబోతోందనీ, ఇంటర్ పాసైతే ఆ పనికి నన్ను తీసుకునే అవకాశం ఉందనీ తెలిసింది. అలా నా వేళ్ళకూ ఇంటర్‌కూ ముడిపడింది.

టెక్కలిలో ఉన్న అధ్యయన కేంద్రానికి వెళ్ళి చేరాను. చేరేటప్పుడు ఒక చిన్న యంత్రం మీద బొటనవేలు పెట్టమన్నారు, పెట్టాను. దాంట్లోంచి ఒక అమ్మాయి గొంతు, "ధన్యవాదాలు, మీ వేలు నమోదయింది" అంది. అంత గౌరవంగా నా వేలితో మాట్లాడినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

తరవాత ఉచిత విద్యా వనరులు వరదలా వచ్చి పడ్డాయి. పాఠ్యపుస్తకాలు ఉచితం, వీడియోలు ఉచితం, మాదిరి పరీక్షలు ఉచితం. అవి తెరవడానికి కావలసిన సిగ్నల్ ఒక్కటే మా ఊళ్ళో దొరకదు. షెడ్డు దగ్గర మాత్రం దివ్యంగా దొరుకుతుంది. కాబట్టి నా ప్రశాంతమైన గది ఆ షెడ్డే అయింది. చేతులకు ఆముదం ఉంటుంది గనక ఫోను ముట్టుకోలేను. పొద్దున్నే పాఠాలన్నీ వరసగా పెట్టేసి, ఫోనును ఖాళీ నూనెడబ్బాలో నిలబెట్టేదాన్ని. డబ్బాలోంచి గొంతు పెద్దదై షెడ్డంతా వినబడేది. నేనొక్కదాన్నే చేరినా పాఠం మాత్రం ఇరవైమందికీ జరిగేది.

ఆ వీడియోల్లో ఎవరు బాగా చెబుతున్నారో ఎంచుకోవడం ఎలా అని అడిగేవాళ్ళకు నా దగ్గర పద్ధతి ఉంది. మేం పప్పును గుండు, బద్ద, ముక్క అని మూడు రకాలుగా ఏరతాం. గుండు అంటే ఎక్కడా విరగనిది. ఒక సారు నోరు విప్పి నాలుగు మాటలు చెప్పేలోగా పక్కనున్నామె, "ముక్క. తీసీయ్ వదినా" అనేది. ఆ మాటకు తిరుగు లేదు. ఒకే ఒక్క చరిత్ర మేడమ్‌కు గుండు దక్కింది. ఆవిడ అన్నం తినే వేళకు కూడా మాట్లాడుతూనే ఉండేది, ఎవరూ ఆపమనలేదు.

మా అత్త నా ఎదురుగా కూర్చునేది. ఆమెది ఐదో తరగతి చదువు, ముప్పై ఏళ్ళ షెడ్డు. మొదటి వారమంతా ఈసడించింది.

"నలభై ఏళ్ళొత్తన్నాయి, ఇప్పుడేటే నీకీ సదువు? డబ్బాలో ఆడెవుడో అరుత్తంటే సదువైపోద్దేటి?"

రెండో వారం నుంచి మాట్లాడటం మానేసి వినసాగింది. మూడో నెలకొచ్చేసరికి నేను మరిచిపోయిన జవాబులు ఆమె అందించేది. గృహశాస్త్రంలో చేతుల సంరక్షణ అని ఒక పాఠం వచ్చింది. ఘాటైన పదార్థాలు ముట్టుకునేటప్పుడు తొడుగులు వేసుకోవాలనీ, తరవాత గోరువెచ్చని నీళ్ళలో చేతులు పది నిమిషాలు నానబెట్టుకోవాలనీ ఆ మేడమ్ చెబుతుంటే షెడ్డు మొత్తం చేతులాపి విన్నది.

"తొడుగులేసుకుంటే పిక్క జారిపోద్దని సెప్పే ఆవిడికి. ఒకపాలొచ్చి కొట్టి సూడమను" అంది అత్త. ఆ సౌకర్యం ఆ వీడియోలో లేదు. కింద మీ అభిప్రాయం తెలపండి అని మాత్రం ఉంది.

ఏడాది గడిచింది. పరీక్షలకు ముందు మళ్ళీ వేలు పెడితేనే హాల్‌టికెట్ వస్తుందని మెసేజ్ వచ్చింది. ఇది వినగానే షెడ్డులో అందరూ నా చేతుల వంక చూశారు. రసం తగిలి తగిలి మా వేళ్ళ మీద గీతలు చెరిగిపోతాయి. అందుకని మాలో ఎవరికైనా ఎక్కడైనా వేలు పెట్టాల్సిన అవసరం వస్తే షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. ఇరవై రోజులపాటు ఆమె పిక్క ముట్టుకోదు. ఎండిన పప్పుకు పొట్టు తీస్తూ కూర్చుంటుంది. ఆమె కొట్టాల్సిన పిక్కలను మిగతావాళ్ళు పంచుకుంటారు. ఈలోగా కొత్త చర్మం వచ్చి గీతలు తేలతాయి. దీన్ని మేం ఏలి సెలవు అంటాం.

నాకు ఏలి సెలవు ఇచ్చారు. నా పిక్కల్లో సగానికి పైగా అత్తే కొట్టింది. ఇంట్లో అంట్లు కూడా తోమనివ్వలేదు. రోజూ పొద్దున్న నా బొటనవేలు పట్టుకుని వెలుతురులో తిప్పి చూసేది. "వత్తన్నాయే, గీతలొత్తన్నాయి" అనేది. ఇరవయ్యో రోజుకు నా వేలు చూసుకుంటే నాకే ముద్దొచ్చింది.

పాసింజరెక్కి నౌపడ ఉప్పుమడుల మీదుగా టెక్కలి పోయి, ఆ వేలును సగర్వంగా యంత్రం మీద పెట్టాను.

"మీ వేలు సరిపోలలేదు, మళ్ళీ ప్రయత్నించండి" అంది ఆ అమ్మాయి.

ప్రయత్నించాను. తుడుచుకుని, కడుక్కుని, ఊదుకుని, నొక్కి, తేల్చి ప్రయత్నించాను. కంప్యూటర్ దగ్గర కూర్చున్నాయన చివరికి తెర నా వైపు తిప్పాడు. ఎడమవైపు నేను చేరినప్పటి వేలు, కుడివైపు ఇప్పటి వేలు. ఎడమది కాలిన మచ్చలతో, తెగిన గీతలతో ఉంది. కుడిది పెళ్ళికూతురి వేలిలా ఉంది.

"అక్కా, అప్పుడు నువ్వు పన్లోంచి డైరెట్టుగా వచ్చి పెట్టీసినావు. సిస్టమ్‌కి అదే నువ్వు. ఇప్పుడిది వేరే మనిసి ఏలనుకుంటంది" అన్నాడు.

నిజమే. చేరేరోజు ఏలి సెలవు సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. యంత్రం ఒప్పుకుంది గదా అని సంబరపడ్డాం.

"అయితే కొత్త వేలు ఎక్కించండి" అన్నాను.

"ఎక్కించొచ్చక్కా. ఎక్కించాలంటే పాత ఏలితో ఓకే సెయ్యాల."

"ఫోనుకు నంబరేదో వస్తుంది గదా, ఓటీపీ?"

"వస్తాది. ఏలు మేచ్ అయినాక వస్తాది."

సహాయ కేంద్రానికి ఫోన్లోంచే రాశాను. అవతల మనిషి లేడు, మనిషిలా రాసే మరొక యంత్రం ఉంది. వేళ్ళు శుభ్రంగా ఉంచుకోండి, గాయాలుంటే మానేవరకు ఆగండి అని సలహా ఇచ్చింది. మానడమే నా ఇబ్బంది అని రాశాను. ఈ సమాధానం మీకు ఉపయోగపడిందా అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఆ కేంద్రంలోనే బల్ల మీద తల పెట్టి, సిగ్గుపడకుండా ఏడ్చాను. హాల్‌టికెట్‌కు గడువు ఇంకా తొమ్మిది రోజులుంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకెళ్ళి నా పాత చోట కూర్చున్నాను. ఆముదం గిన్నె జరిపితే వద్దన్నాను. పూసుకుంటే నెమ్మదిగా కాలుతుంది, నాకంత వ్యవధి లేదు. ఒట్టి చేతులతో పిక్క తీసుకున్నాను. అత్త లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఒలే, ఒద్దే. ఇరవై రోజులు కాపు కాసి తెచ్చినాను ఈ ఏలుని."

"ఈ వేలు నాది కాదంట అత్తా."

ఆమె చెయ్యి వదిలేసింది. డబ్బాలో చరిత్ర మేడమ్ ఏదో రాజ్యం కూలిపోవడం గురించి చెబుతోంది. షెడ్డు నుంచి బయటపడడం కోసం నేను షెడ్డులో కూర్చుని వేళ్ళు కాల్చుకుంటున్నాను. ఇలాంటి దూరవిద్యను ఇంకెక్కడా చూసి ఉండరు. ఆరు రోజులకు పాత మచ్చ ఉన్నచోటే కొత్త మచ్చ తేలింది. ఏడోరోజు టెక్కలి వెళ్ళాను. "ధన్యవాదాలు, మీ గుర్తింపు నిర్ధారణ అయింది" అంది ఆ అమ్మాయి. ఆ వేలితోనే, కలం పట్టుకుంటే మండుతుండగా పరీక్షలన్నీ రాశాను. పాసయ్యాను. అంగన్‌వాడీలో ఆ పని కూడా నాకే వచ్చింది. ఇప్పుడు నా వేళ్ళు వంగుతాయి. పిల్లలకు గుడ్లు ఒలిచి పెడుతుంటే నాకే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఒకరోజు అత్త షెడ్డు నుంచి ఇంటికొచ్చి, అటువైపు తిరిగి చీరకొంగు దులుపుకుంటూ అంది. "ఆ బళ్ళో నన్ను కూడా రాయించగలవేటి? పదో కలాసుకి."

నేను నవ్వలేదు. ఆ జవాబుల్లో సగం ఆమెవే. ఈసారి నాకు తెలివుంది గనక, చేరకముందే ఏలి సెలవు ఇప్పించాను. అంగన్‌వాడీ మూసేశాక సాయంత్రాలు షెడ్డుకు పోయి, చేతులకు దట్టంగా ఆముదం పట్టించి ఆమె పిక్కలు నేను కొట్టాను. డాక్టరు ఒద్దన్నాడు గదేటే అని ఆమె రోజూ తిట్టేది, నేను రోజూ కొట్టేదాన్ని. ఇరవై రోజులయ్యాయి. వెలుతురులో వేలు తిప్పి చూశాం. ఇంకో ఇరవై రోజులు ఆగాం. గీత ఒక్కటీ తేలలేదు, వేలు చింతపిక్కలా నున్నగా ఉంది. ఏమో, మన కంటికి ఆనకపోయినా యంత్రానికి కనబడుతుందేమోనని టెక్కలి తీసుకెళ్ళాను.

అత్త పండక్కి కట్టే చీర కట్టుకుంది. కుర్చీలో ముందుకు జరిగి బొటనవేలు పెట్టింది. ఆ అమ్మాయి ఈసారి సరిపోలలేదని కూడా అనలేదు.

"దయచేసి మీ వేలు పెట్టండి" అంది.

అత్త ఇంకాస్త నొక్కింది.

"దయచేసి మీ వేలు పెట్టండి."

కంప్యూటర్ ముందున్నాయన తెర వంక చూసి తల దించుకున్నాడు. అత్త మాత్రం ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, బలమంతా పెట్టి వేలును ఆ అద్దానికి అదిమి, లోపలున్న ఆ అమ్మాయికి నెమ్మదిగా చెప్పింది.

"పెట్టీసినాను గదమ్మా."