శ్రీపాదరావు మబ్బుల నోటుబుక్కు

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో అద్దెకున్న అయ్యవార్లం ఇద్దరమే. లెక్కలు చెప్పే నేను, సోషల్ చెప్పే శ్రీపాదరావు. ఆయనకిప్పుడు ఆదోనికి బదిలీ అయింది. మొన్న కనిపిస్తే, నీ మబ్బుల సంగతి రాస్తున్నానన్నాను. "రాసుకో. నేను చెప్పిన ప్రతిదానికీ నీ తలకాయ కూడా ఊగిందని రాయడం మాత్రం మరిచిపోవద్దు" అన్నాడు. మరిచిపోలేదు. ఊగింది.

శ్రీపాదరావు సముద్రాన్ని చూసినవాడు కాదు. కానీ ఆటుపోట్ల పాఠం చెబుతుంటే వెనక బెంచీ పిల్లలు కాళ్లు పైకి తీసుకునేవారు. బస్సెక్కితే కండక్టరును టికెట్టు అడిగే ముందు, ఇప్పుడు బండి ఏ దిక్కుగా పోతోందో చెప్పేవాడు. అలాంటి మనిషికి, పేపరువాళ్లు ఉపగ్రహం తీసిన మబ్బుల బొమ్మ వేయడం మొదలుపెట్టేసరికి రెక్కలొచ్చినట్లయింది. ఎనభై నాలుగో, ఎనభై అయిదో, శ్రావణం ముందర మాట. పేపరు మధ్యాహ్నం బస్సుకు వచ్చేది. బొమ్మ అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. దాన్ని కత్తిరించి, రెండు వందల పేజీల నోటుబుక్కులో అంటించి, ఎమ్మిగనూరు ఉండాల్సిన చోట ఎర్రసిరాతో చుక్క పెట్టేవాడు.

ఆ వీధిలో అందరి బతుకూ వాన మీదే, కాకపోతే రైతులకు తిరగేసి: వాళ్లకు వాన రావాలి, వీళ్లకు రాకూడదు. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు పోగుల వరసను, వీధి పొడవునా కొయ్యల మధ్య లాగి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. తెల్లవారుజామున మొదలుపెడితే ఎండ ముదిరేలోపల అయిపోవాలి. మధ్యలో వాన పడిందా, గంజి కారిపోయి పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. దాన్ని విడదీసే ఓపిక ఎవరికీ ఉండదు.

ఒకరోజు ఎదురింటి సిద్ధప్ప అరుగెక్కి బొమ్మలోకి తొంగి చూశాడు.

"ఏంది సామీ ఇది, బొగ్గు పూసినట్ల ఉండాది?"

"మబ్బులు సిద్ధప్పా. ఆకాశం పైనుంచి తీసిన ఫోటో. చూడు, మన చుక్క చుట్టూ ఎంత నలుపుందో! కారుమబ్బు. రేపు వాన ఖాయం."

నేను తల ఊపాను.

మరునాడు నిజంగానే వాన పడింది. ఆయన మాట విని పడుగు సాచకుండా ఆగిన సిద్ధప్ప వీధంతా తిరిగి చెప్పాడు. అంతే, సాయంత్రానికి మా అరుగు మీద చోటు లేదు. "అయ్యవారూ, రేపు గంజి పెట్టొచ్చునా?" అని నేతగాళ్లంతా వరసకట్టారు.

ఆ తరువాత ఆరు రోజులు బొమ్మ నల్లగానే వచ్చింది. ఆరు రోజులూ "వద్దు, వానొస్తుంది" అన్నాడు శ్రీపాదరావు. ఆరు రోజులూ పళ్లికిలించినట్లు ఎండ కాసింది. పేపర్లో బొమ్మ పక్కనున్న రెండు ముక్కలు, అక్కడక్కడా జల్లులు పడవచ్చు అని, ఏ రోజుకైనా సరిపోయేట్లు ఉండేవి.

ఏడో రోజు సిద్ధప్ప భార్య తిమ్మక్క వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆమె కష్టం వీధికంతా తెలుసు. మంత్రాలయంలో ఒక అంగడికి, అక్కడి మఠంలో ఏటా జరిగే రాయరి ఆరాధనకు ముందే రెండు వందల తువ్వాళ్లు పంపాలి. అత్తకాలం నుంచి ఆ బేరం వాళ్లింటిదే. ఈ ఏడు తప్పితే వేరేవాళ్లకు పోతుంది. రెండు పడుగులు మూలన ముడిచిపెట్టి ఉన్నాయి.

"ఏమప్పా, నీ వాన యాడిదాకా వచ్చినాది? నడిసి వస్తాండాదా, ఎద్దలబండి ఎక్కినాదా?"

"బయల్దేరింది తిమ్మక్కా. గాలి తిరిగి కౌతాళం వైపు పోయుంటుంది."

"కౌతాళంలో మా చెల్లెలుండాది. ఆడా సుక్క పడల్యా. ఆరాధన మాత్రం గాలికి తిరగదప్పా, సెప్పిన తేదీకి వచ్చి కూర్చుంటాది."

అదృష్టం చూడండి, ఆ మధ్యాహ్నం పేపర్లో చుక్క చుట్టూ తెల్లగా ఉంది. శ్రీపాదరావు నోటుబుక్కు ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తాడు. "తిమ్మక్కా! పాలు పోసినట్లుంది ఆకాశం! రేపు పొద్దున్నే సాచు, పూచీ నాది!" నేను కూడా "ధైర్యంగా సాచు" అన్నాను. అడగకపోయినా అన్నాను.

మరునాడు తెల్లవారగానే తిమ్మక్క మొదటి పడుగు సాచింది. సగం గంజి పట్టించారో లేదో, ముక్కు మీద ఒక చినుకు పడింది నాకు. చూస్తే తూర్పంతా ముసురు.

"వానొస్తాంది! పట్టండప్పో, పట్టండి!" అని కేకేసింది తిమ్మక్క.

ఆ పొడవు పడుగు ఏ ఇంట్లోనూ పట్టదు. పట్టేది వీధి చివరనున్న మా బడి వరండాలోనే. పది మంది పది చోట్ల ఎత్తి పట్టారు. చివరి కొయ్య దగ్గర మనిషి లేడు. సరిగ్గా అక్కడే, మా ఇంటి గుమ్మంలో, స్నానం చేసి మడిపంచె కట్టుకుని పూజకు తులసి కోస్తున్నాడు శ్రీపాదరావు. ఉడికిన గంజి తగిలితే మడి పోతుంది. ఆయన కొయ్యను చూశాడు, పంచెను చూశాడు, పడుగును చూశాడు. తులసిని నా చేతిలో పెట్టి, వెళ్లి కొయ్యను భుజానికెత్తుకున్నాడు.

లోపలి నుంచి వాళ్లావిడ ఇందిరాబాయి గారి గొంతు: "అయ్యో రాయరే! మడి పోయె! దేవుడు నీళ్లు లేకుండా కూర్చున్నాడు!"

"పూచీ పడ్డానే! దేవుణ్ని కాసేపు ఆగమను!"

వీధంతా పకపకలాడింది. నవ్వుతూనే పరుగెత్తారు. వరండా స్తంభాలకు పడుగు లాగి కట్టి, తడి ఒత్తి, కుంచెలు ఆడించి, చాటలతో విసిరి, మొత్తానికి దాన్ని కాపాడారు. హెడ్మాస్టరు వచ్చి, ప్రార్థన క్లాసుల్లోనే చేయించి, "ఈ ఒక్కనాటికే. రేపు వరండా నాకు ఖాళీగా కావాల" అన్నాడు.

శ్రీపాదరావు ఒళ్లంతా గంజి. మీసం కూడా గట్టిపడింది. ఊరికే నిలబడలేక, పడుగు కిందకు దూరి తెగిన పోగులు అందిస్తున్నాడు.

"పోగు సరిగ్గా కనపడటం లేదు తిమ్మక్కా, ఇక్కడంతా నల్లగా ఉంది."

"కిందనుంచి సూస్తే నల్లగనే ఉంటాదప్పా. వెలుతురు దాని నెత్తిన కదా పడేది. లేసి పైనుంచి సూడు, తెల్లగ మెరుస్తాది."

ఆయన లేచి చూశాడు. మళ్లీ వంగి చూశాడు. మళ్లీ లేచాడు. పిల్లలు గుంజీలనుకున్నారు.

తరువాత నా దగ్గరికొచ్చి, చెవిలో చెబుతున్నాననుకుంటూ వరండా అంతటికీ వినపడేట్లు అన్నాడు: "మనం మబ్బును ఎప్పుడూ కిందనుంచే చూశాం. ఉపగ్రహం పైనుంచి తీస్తోంది. తెల్లగా ఉండేదే మబ్బు! నల్లగా ఉంటే కింద ఒట్టి నేల! ఇన్నాళ్లూ తలకిందులు చదివానయ్యా! మొదటిరోజు పడిన వాన... అది ఊరికే పడింది!"

నేను ఈసారి తల ఊపలేదు. ఎటు ఊపాలో తెలియలేదు.

దాచిపెట్టి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ మధ్యాహ్నం పేపరు రాగానే ఆయన నోటుబుక్కు తీసుకుని అరుగు మీద నిలబడి, అందరి ముందూ మెల్లగా ఒప్పుకున్నాడు. "తప్పు నాది. ఇవాళ బొమ్మ నల్లగా ఉంది. అంటే రేపు ఎండ. తిమ్మక్కా, రెండో పడుగు సాచు."

సిద్ధప్ప చేతులెత్తి దండం పెట్టాడు. "మొన్న నలుపంటే వాన, ఇయ్యాల నలుపంటే ఎండ. రేపు ఏమంటావో సామీ! నిన్నటి ఫోటో, ఇయ్యాలటి పేపరు, రేపటి గంజి! మాకొద్దు!"

ఒక్కొక్కరే వెళ్లిపోయారు. రేపు సాచకపోతే తువ్వాళ్లు అందవు. సాచి తడిస్తే, ఎత్తిపెట్టడానికి వరండా లేదు. తిమ్మక్క ఎర్రచుక్కను చాలాసేపు చూసింది.

"నువ్వు తప్పు సెప్పినప్పుడు గట్టిగా సెప్తివి. ఇప్పుడు మెల్లగ సెప్తాండావు. దీన్నే నమ్ముతా పో."

మరునాడు పొద్దున వీధి మొత్తానికి ఒకటే పడుగు, తిమ్మక్కది. ఇళ్ల గుమ్మాల్లో జనం ఆకాశం కేసి చూస్తూ పళ్లు తోముకుంటున్నారు. నీలంగా, ఒక్క మరక లేకుండా ఉంది. సూర్యుడు వచ్చాడు. గంజి ఆరింది. రెండు పడుగులూ మగ్గమెక్కి, తువ్వాళ్లు ఆరాధనకు ఒకరోజు ముందే మంత్రాలయం బస్సు పైకెక్కాయి.

కానీ నాకు బాగా గుర్తున్నది ఆ పొద్దున్నే. పడుగు చివర శ్రీపాదరావు, చంకలో ఇంట్లో ఉన్న రెండు గొడుగులూ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. తిమ్మక్క కుంచె ఆపి చూసింది.

"అదేందప్పా? వాన రాదంటివి కదా?"

"రాదు."

"మరి గొడుగులు?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఎండకు."

"సరే," అంది తిమ్మక్క, "అయితే ఒకటి ఇటియ్యి."