తడి ధాన్యం మాట ఎవరిది?

పన్నెండేళ్ళుగా ఈ సంగతి నన్నెవరూ అడగలేదు. ఏలూరులో అడగలేదు, తాడేపల్లిగూడెంలో అడగలేదు. కొల్లేటి గట్టు మీద ఆ ఇంట్లో అయితే అడక్కపోగా, నేను నోరు తెరవబోయినప్పుడల్లా "ముందు కాఫీ తాగు" అన్నారు. గుండె బలహీనమైన మనిషికి ఒంట్లో నీరు తీయడమంటే తడి ధాన్యం ఆరబెట్టడం లాంటిదేనని చెప్పే ముచ్చట ఒకటి ఈ చుట్టుపక్కల నర్సులందరి నోటా ఉంది. వట్లూరులో నేను పాఠాలు చెప్పే నర్సింగు పిల్లలు కూడా "సార్, మీకీ కథ తెలుసా?" అని నాకే వినిపిస్తుంటారు. తెలుసు నాయనా. ఆ మాట పుట్టినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఉండటమేమిటి, అది నా నోట్లోంచే ఊడిపడింది. అయినా కథలో నా పేరుండదు. ఒక్కోసారి మనిషిగా కూడా ఉండను.

ఆ రోజుల్లో మగ నర్సుని ఎలా పిలవాలో జనానికి తెలిసేది కాదు. ఇరవై రెండేళ్ళవాణ్ణి, చదువు పూర్తిచేసి పట్టుమని నాలుగు నెలలు కాలేదు. ఏలూరులో ఒక గుండె డాక్టరుగారి దగ్గర చేరాను. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళిన దీర్ఘరోగుల్ని ఊళ్ళ వెంట తిరిగి చూసి రావడం నా పని. కొందరు కాంపౌండరన్నారు, కొందరు మందుల కంపెనీ అబ్బాయన్నారు, ఒకావిడ కేబుల్ బాగుచెయ్యడానికి వచ్చాననుకుని నేరుగా డాబా మీదికి పంపింది. (ఎక్కాను కూడా. రోగి పైన ఉన్నాడేమోననుకున్నాను.) వీళ్ళందర్నీ క్షమించాను. క్షమించనిది ఒక్క పెద్దాయన్ని. కొల్లేటి అంచున పదెకరాల వరి రైతు, డెబ్బై దాటిన మనిషి. ఆసుపత్రిలో నర్సుల్ని అందరూ సిస్టరుగారూ అని పిలవడం విన్నాడు. నేనూ నర్సునే కదా! మొదటి రోజే వీధి వినపడేలా కేకేశాడు: "ఏవేఁ, సిస్టరబ్బాయి వచ్చాడు, కుర్చీ వెయ్యి!" నా పేరు చెప్పాను. "మంచి పేరు" అన్నాడు. మళ్ళీ దాన్ని ఎప్పుడూ వాడలేదు.

ఆయన గుండె పంపు సరిగా కొట్టక ఒంట్లో నీరు చేరేది. కాళ్ళు వాచి, పడుకుంటే ఆయాసం. డాక్టరుగారు నీరు తీసే మాత్ర రాసి, ఉప్పు తగ్గించి, తాగే నీళ్ళకి కొలత పెట్టి, రోజూ పొద్దున్న కాఫీకి ముందు బరువు చూసి ఒక పుస్తకంలో రాయమన్నారు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్టు, వెంటనే ఫోను చెయ్యాలి. పుస్తకం రాసే బాధ్యత ఆయన భార్య, మామ్మగారిది. నేను రోజు విడిచి రోజు పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళి చూసుకునేవాణ్ణి. డెబ్బై రెండు కిలోలతో ఇంటికొచ్చిన మనిషి రెండు వారాల్లో అరవై ఎనిమిదికి దిగాడు. కాళ్ళ వాపు తీసేసింది. చేపల చెరువు గట్టు దాకా నడిచి వస్తున్నాడు. నాకు పట్టరానంత సంతోషం. పుస్తకం చేత్తో పట్టుకుని అరుగు మీద నిలబడి, "నాలుగు కిలోలు తగ్గిపోయారండీ, బ్రహ్మాండం!" అని చప్పట్లు కొట్టాను.

ఎవరూ నవ్వలేదు. చూడవచ్చిన చుట్టాలు ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందులో ఒకాయన పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, డెబ్బై రెండు, డెబ్బై ఒకటి, అరవై తొమ్మిదిన్నర, అరవై ఎనిమిది అని చావు కబురు చదివినట్టు పైకి చదివాడు. "ఏనుగులాంటి మనిషి, ఎలా కరిగిపోతున్నాడో" అన్నాడు. మామ్మగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికెళ్ళిపోయారు. ఆ రోజు నాకు కాఫీ రాలేదు. నేనేం తప్పు చేశానో బస్సులో ఏలూరు దాకా ఆలోచించినా తట్టలేదు. (ఆ కాఫీ ఇప్పటికీ బాకీయే అని మామ్మగారికి అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంటాను.)

తరవాతి వారం నుంచి బరువు పెరగడం మొదలైంది. అరవై ఎనిమిదిన్నర, అరవై తొమ్మిది, తొమ్మిదింపావు. మళ్ళీ నీరు చేరుతోందనుకున్నాను. మే నెల, ఇంటినిండా కొత్తావకాయ వాసన. ఇంకేం కావాలి నాకు! వంటింట్లోకి చొరబడ్డాను. ఉప్పు జాడీ మీద పెన్నుతో గీత పెట్టాను. పెద్దాయన కుడిచెయ్యి పట్టుకుని వేళ్ళు వాసన చూశాను. అంతటితో ఆగానా? ఆవకాయ జాడీ వాసెన గుడ్డ చుట్టూ నా సంచిలోని తెల్ల ప్లాస్టరు అంటించి, అతుకు మీద సంతకం చేసి తేదీ వేశాను. మామ్మగారు నడుం మీద చెయ్యేసుకుని చూస్తూ నిలబడ్డారు.

"బాబూ, నేను కాపరానికొచ్చి యాభై ఏళ్ళయింది. మా అత్తగారు కూడా నా ఊరగాయ జాడీకి సీలు వెయ్యలేదు."

"తాతగారి ఆరోగ్యం కోసమండి."

"ఆరోగ్యమా! మీరు చెప్పినప్పటినుంచీ ఆయనతో పాటు మేమూ చప్పిడి కూడే తింటున్నాం. ఆవకాయ కలిపిన రోజు కారం రుచి కూడా చూడలేదు నేను."

ఆ రోజు కాఫీ వచ్చింది, సగం గ్లాసు. "మీ లెక్క ప్రకారం నీళ్ళు తగ్గించాలిగా" అన్నారు.

ఇంతకీ నన్ను తినేస్తున్న సంగతి వేరే ఉంది. బరువు పెరుగుతోంది గానీ మనిషి బాగానే ఉన్నాడు. కాలి మీద వేలితో నొక్కితే గుంట పడటం లేదు. ఆయాసం లేదు. డాక్టరుగారికి ఫోను చేస్తే ఆయనకీ అంతుపట్టలేదు. "బీపీ ఇప్పటికే కిందుగా ఉంది. తప్పు బరువు నమ్మి మాత్ర రెట్టింపు చేస్తే ఆ పెద్దమనిషి లేచి నిలబడగానే కుప్పకూలతాడు. నిజంగా నీరు చేరుతుంటే, పెంచకపోతే మళ్ళీ ఆసుపత్రే. ముందు బరువు చూసే మిషను సరైందో కాదో తేల్చు. రేపు డెబ్బై చూపిస్తే పెంచేద్దాం" అన్నారు. అంటే రేపు పొద్దున్న ఆ అంకె మీద ఒక మనిషి ప్రాణం ఆధారపడి ఉంది, ఆ అంకె చదవాల్సింది నేను. ఆసుపత్రిలోని అద్దం పలక మిషను అడిగి తీసుకుని, పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. దారి పొడుగునా బరకాల మీద దాళ్వా పంట ధాన్యం ఆరబోసి ఉంటే బస్సు పక్కకి తప్పుకుంటూ తప్పుకుంటూ వెళ్ళింది. కండక్టరు మిషను వైపు చూసి, "దిగేలోపు నన్నోసారి తూచవా తమ్ముడూ?" అన్నాడు. తూచాను. పాపం, తరవాత పలకరించలేదు.

ఇంటికెళ్ళగానే వాళ్ళ మిషను, నా మిషను పక్కపక్కనే పెట్టి నేనెక్కాను. రెండూ ఒకటే చూపించాయి. ఇక తప్పు మిషనుది కాదు. పెద్దాయన వచ్చారు. ఎప్పటిలాగే జేబు బనీను, దాని మీద భుజాల నిండుగా దుప్పటంత కండువా.

"ఈ ఎండల్లో కండువా ఏంటండి తాతగారూ?"

"చలిగా ఉందిరా సిస్టరబ్బాయ్."

నమ్మాను. (నా తెలివికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.) ఆయన అద్దం పలక ఎక్కారు. పడిపోతారేమోనని మామ్మగారు వెనక నిలబడి జబ్బ పట్టుకున్నారు. ఎర్ర అంకెలు తిరిగి తిరిగి ఆగాయి. సరిగ్గా డెబ్బై. నా చేతిలో రెండో మాత్ర సిద్ధంగా ఉంది, మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద ఉంది. ఎందుకో చెయ్యి లేవలేదు. కాళ్ళు ఇంకోసారి చూద్దామని, "ఒక్కసారి ఇటు వంగండి, పంచె పైకి తియ్యండి" అన్నాను. ఆయన వంగారు. బనీను జేబు పర్రుమంది. అందులోంచి అరకిలో ఇనప గుండు ఒకటి జారి, ఆసుపత్రివారి అద్దం పలక నడిబొడ్డున పడి దాన్ని ముక్కలు ముక్కలు చేసింది. ఎవరికీ చిన్న గాటు కూడా పడలేదు, నా ఉద్యోగానికి తప్ప.

పాత రోజుల్లో ధాన్యం తూచుకునే కాటా తాలూకు గుండు అది. పెద్దాయన తప్పుచేసిన పిల్లాడిలా పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నారు. మామ్మగారు తెల్లబోయి, "ఏవండీ, మీరా!" అన్నారు.

"నువ్వే కదే, ఆ పుస్తకం చదివినప్పుడల్లా వంటింట్లోకెళ్ళి ఏడుస్తున్నావు" అని గొణిగారాయన. "ఓ అరకిలో ఉంటే నీకు ధైర్యంగా ఉంటుందని."

నాకు కోపం నషాళానికెక్కింది. నిజమైన బరువు తేలాలి కదా! వాళ్ళ మిషను ముందుకి లాగి మళ్ళీ ఎక్కించాను. కండువా తీయించాను, జేబులు తడిమాను. అరవై తొమ్మిదిన్నర. ఇంకా కిలోన్నర ఎక్కువ! ఈయన ఒంట్లో ఇంకెక్కడ ఇనుముందా అని చుట్టూ తిరిగి చూస్తుంటే, పలక వెనక అంచు మీద పచ్చగా పసుపు రాసుకున్న కాలి బొటనవేలు ఒకటి కనిపించింది. ఆ వేలి వెంట పైకి చూస్తే మామ్మగారి మొహం.

"మామ్మగారూ!"

"పడిపోతారేమోనని ఆనుకున్నాను బాబూ."

"రోజూనా అండి?"

"రోజుకి కాస్త."

వేలు తియ్యగానే అంకె అరవై ఎనిమిదికి దిగి కూర్చుంది. ఒకరి ఏడుపు ఒకరు చూడలేక, ఒకరికి తెలియకుండా ఒకరు వారం రోజులుగా ఆ మిషన్ని మోసం చేస్తున్నారు. అంటే ఆ రెండో మాత్ర వేసుంటే మనిషి కుప్పకూలేవాడు. మాత్ర డబ్బాలో వేసేసి, గొంతు చించుకుని పాఠం మొదలుపెట్టాను. గుండె గదులన్నాను, మూత్రపిండాలన్నాను, సోడియమన్నాను. ఇద్దరూ శ్రద్ధగా తలలూపారు. చివర్న పెద్దాయన, "అదంతా బాగానే ఉంది గానీ, మనిషి తగ్గిపోతున్నాడు కదా?" అన్నారు.

ఇంక నావల్ల కాక అరుగు మీద చతికిలబడ్డాను. పక్కనే చేటలో, మిల్లుకి చూపించడానికి ఉంచిన ధాన్యం. కాస్త చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు ఊడిపడింది నా నోట్లోంచి:

"తాతగారూ, తడి ధాన్యం బస్తా తూస్తే ఎక్కువ తూగుతుందా, తక్కువ తూగుతుందా?"

"ఎక్కువే."

"ఎక్కువైంది గింజా అండి?"

"గింజెందుకవుద్దిరా, తేమ."

"నాలుగెండలు కాస్తే బరువు తగ్గుతుంది కదా. గింజ తగ్గిందా?"

"వరి సంగతి నాకే చెబుతున్నావా! గింజ ఎక్కడికి పోద్ది? నీరు పోయి గట్టిపడుద్ది. అప్పుడే కదా నిల్వ..." అని ఆగిపోయారు. తన కాళ్ళ వైపు చూసుకున్నారు. ఎముక కనపడే ఆ సన్నటి కాళ్ళని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నారు. తరవాత వీధి దద్దరిల్లేలా, "ఏవేఁ! నేను కరిగిపోవట్లేదే! ఆరానే!" అని అరిచారు.

మామ్మగారు మొదట నవ్వారు. తరవాత ఏడ్చారు. మళ్ళీ నవ్వి, "మిల్లు దగ్గర తేమ గురించి ఊరంతా వినేలా పోట్లాడే మనిషికి తన ఒంట్లో తేమ తెలియలేదు చూడు" అన్నారు. పుస్తకం తెచ్చి, పెన్సిలు నాలిక మీద తడి చేసుకుని, "ఇవాళ ఏది రాయను బాబూ? డెబ్బయ్యా, తొమ్మిదిన్నరా, ఎనిమిదా?" అని అడిగారు. గాజుముక్కలు ఏరుతున్న నేను, "ఇవాళ్టికి వదిలెయ్యండి" అన్నాను. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది. ఆవకాయ సీలు మాత్రం ఆ రోజే విప్పాను. నా కోసం. మామ్మగారు వేడన్నంలో కలిపి ముద్ద నా చేతిలోనే పెట్టారు. పెద్దాయన ఎదురుగా మజ్జిగన్నం తింటూ నన్ను చూసిన చూపు కూడా నేను మర్చిపోలేదు.

అంతవరకూ న్యాయంగానే ఉంది. అన్యాయం మర్నాడు మొదలైంది. చూడవచ్చిన ప్రతివాడికీ పెద్దాయన తన జబ్బు కథ చెప్పేవారు: "సిస్టరబ్బాయికి ఏమీ తెలియదు పాపం. సోడియం, సోడియం అంటున్నాడు. నేనే తడి ధాన్యం సంగతి ఎత్తి వాడికి అర్థమయ్యేలా చెప్పాను." ఇదొక కథనం. తాడేపల్లిగూడెంలో నర్సుల సమావేశంలో మా డాక్టరుగారు ఇదే కథ చెప్పి, "మా పేషెంటు ఒక రైతు ఎంత గొప్పగా పోల్చాడో చూడండి" అన్నారు. హాలంతా చప్పట్లు. చివరి వరసలో నేనూ కొట్టాను, కొట్టకపోతే బాగుండదని. పగిలిన అద్దం పలక ఎవరు తెచ్చారో మాత్రం ఎవరూ మర్చిపోలేదు. ఆ ఒక్క విషయంలోనే నా పేరు సరిగ్గా పలికారు.

ఇప్పుడాయనకి ఎనభై నాలుగు. నేను ఆ డాక్టరుగారి దగ్గర మానేసి చాలా కాలమైంది, ఆ ఇంటికి వెళ్ళాల్సిన పని లేదు. అయినా ఆదివారాలు వెళ్తుంటాను. (ఫిర్యాదు సజీవంగా ఉంచాలంటే అప్పుడప్పుడూ వెళ్ళాలి.) పోయిన వారం కూడా మిషను ముందుకి లాగి, "మామ్మగారూ, వేలు తియ్యండి" అన్నాను అలవాటుగా. ఆవిడ తీశారు, అదీ అలవాటుగానే. అంకె ఆగాక అడిగాను, పన్నెండేళ్ళుగా అడుగుతున్నదే: "తాతగారూ, నిజం చెప్పండి. ఆ మాట ఎవరిది?" ఆయన దూలాలు చూస్తూ, "ముందు కాఫీ తాగరా" అన్నారు. ఇరవై రెండేళ్ళప్పుడు ఆవకాయ జాడీకి సీలేసి సంతకం చేసిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నాకే నవ్వొచ్చింది. వాడికింకా కోపం పోలేదు.

కాబట్టి ఇందుమూలంగా అడుగుతున్నాను. ఆ పుస్తకంలో, ఆ రోజు తేదీ ఎదురుగా, గడి ఇంకా ఖాళీగా ఉంది. ఆ మాట ఎవరిదో పెద్దాయన అందులో రాయాలి. నోటిమాట ఒప్పుకోను. మామ్మగారు రాసినా, ఇంకెవరు రాసినా చెల్లదు, ఆయన చేత్తోనే రాయాలి. తొందరేమీ లేదు. ఇంకో పదేళ్ళు ఆలోచించుకున్నా సరే, ప్రతి ఆదివారం వచ్చి అడుగుతూనే ఉంటాను. కానీ తాతగారూ, జవాబు రాయకుండా మాత్రం మీరెక్కడికీ కదలడానికి వీల్లేదు.