మోటారును ఆపాల్సిన టైమరు

శ్రీరంగప్ప కాలిపోయిన బోరు మోటారును ఆటోలోంచి దించి, ఆఫీసు గచ్చు మీద దబ్బున పడేశాడు.

"నీళ్లు అయిపోతే మోటారు దానంతట అదే ఆగుతాదని చెప్పి పెట్టె అంటగడితిరి గదా! యాడ ఆగింది? టమాటా చేనంతా ఎండిపోతాండాది!"

హిందూపురంలో బోరు మోటార్లకు స్టార్టరు పెట్టెలు చేసే చిన్న కంపెనీ అది. పెట్టెలోని చిప్‌ను నడిపే కోడ్, అంటే కెర్నెల్ డ్రైవరు, రాసేది ఇద్దరే. ఒకరు ఉదయ్ కుమార్. ఇంకొకరు అతని తర్వాత చేరిన నల్లమాడ అమ్మాయి హేమావతి.

"ఈమెనే అడుగప్పా. కోడ్‌లో చెయ్యి పెట్టింది ఈమె," అన్నాడు ఉదయ్, తల కూడా తిప్పకుండా.

హేమావతికి ఒళ్లు మండింది. కానీ అతనన్నది అబద్ధం కాదు. చిప్‌లో ఒక టైమరు లైటును వెలిగించి ఆర్పుతుంది. ఇంకొకటి నీళ్లు అందనప్పుడు మోటారును ఆపుతుంది. ఉదయ్ వాటికి టీ1, టీ2 అని పేర్లు పెట్టి వదిలేశాడు. టీ1 లైటుదనుకొని, లైటు నెమ్మదిగా వెలగాలని ఆమె దాని గడువు పెంచింది. టీ1 మోటారుది. నీళ్లు అయిపోయినా మోటారు తిరుగుతూనే ఉండి కాలిపోయింది.

ఆ సాయంత్రమే ఆమె కోడ్‌లో టైమర్ల పేర్లు మార్చింది. లైటుదానికి లైటు టైమరనీ, మోటారుదానికి, నీళ్లు లేకుండా తిరిగితే ఆపేదని తెలిసేలా, డ్రైరన్ స్టాప్ టైమరనీ పెట్టింది. మర్నాడు ఉదయ్ వచ్చీరాగానే వాటిని తీసేసి పాత పేర్లే తగిలించాడు.

"నా కోడ్ జోలికి రావద్దు. పేరు మారిస్తే కాలిన మోటారు లేచొస్తాదా?"

"ఏది మోటారుదో నీకు తెలుసన్నా. నువ్వు లేనప్పుడు చూసేవాళ్లకు ఎట్ల తెలుస్తాది?"

"చిప్ పుస్తకం చదువుకోమను. నేను చదవలేదా?"

"చదవకుండా చెయ్యి పెట్టింది నా తప్పే. రేపు ఇంకొకరు పెడతారు. ఇంకొకరి చేను ఎండుతాది."

కేకలు విని యజమాని కృపాకుమారి లోపలినుంచి వచ్చింది. ఇద్దరినీ తిట్టింది. చివరికి, "ఆమె పెట్టిన పేర్లే ఉంచు ఉదయ్," అని చెప్పిపోయింది. ఉదయ్ ఉంచాడు. హేమావతితో మాత్రం మాట మానేశాడు. టీకి లేస్తే ఆమెను తప్ప అందర్నీ పిలిచేవాడు.

కొత్త మోటారూ, సరిచేసిన పెట్టే తీసుకొని హేమావతే చిలమత్తూరు దగ్గరున్న శ్రీరంగప్ప చేనుకు వెళ్లింది.

"మోటారు దించండి. ఆ పెట్టె నా గట్టు ఎక్కకూడదు," అన్నాడు శ్రీరంగప్ప.

"ఈసారి ఆగుతాది శ్రీరంగన్నా. మేమే నీళ్లు ఆపి చూసినాం. టైమర్ల పేర్లు కూడా..."

"పేర్లతో నాకేం పనమ్మా? అట్ల చూడు!"

చూసింది. మొక్కలు మాడి నేలకంటుకున్నాయి. కొత్త మోటారు బోరులోకి దిగాక శ్రీరంగప్ప తన మునుపటి మామూలు స్టార్టరు నొక్కి, నీళ్లు ఆగితే ఆపడానికి తనే దాని పక్కన కూర్చున్నాడు. హేమావతి పెట్టెను తిరిగి ఆటోలో పెట్టింది.