పొలిమేర దగ్గర పడని గేరు

చీరాల స్టేషన్‌లో దిగేసరికి వాన వెలిసింది. గాలి మాత్రం సముద్రం మీంచి ఇంకా కొడుతూనే ఉంది. యాభైల చివర్లో వచ్చిన ఒక తుఫాను తర్వాతి సంగతి ఇది. యుద్ధం కాదు. అయినా సైన్యంలో ఏం చేశావని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఈ డ్యూటీ గురించే.

మా దళానికి బస పొగాకు కాల్చి ఆరబెట్టే ఒక బ్యారన్. గోడలకు పాత పొగ ఘాటు. నేల మీద తడి గోనెసంచులు, వాటి మీద మా పక్కలు. నేను హవల్దారు మెకానిక్‌ని. నా వంతుకు ఒక పనిముట్ల పెట్టె, ఒక జీపు, అందులో ఒక వైర్‌లెస్ సెట్టు. నల్లరేగడిలో లారీలు దిగబడిపోయేవి. ఎద్దులు కాళ్ళు పీక్కోలేకపోయేవి. నాలుగు చక్రాలూ లాగే ఆ జీపు ఒక్కటే కదిలేది.

సుబేదారు ఆజ్ఞ చిన్నది. పడమటి పల్లెల్లో కలరా సోకింది. డాక్టరమ్మను తీసుకెళ్ళాలి. ప్రాణం మీదికి వచ్చినవాళ్ళను చీరాల ఆసుపత్రికి చేర్చాలి. జీపు ఆగకూడదు.

జీపు నడిపేవాడిది మంగళగిరి, మగ్గాల ఇల్లు. నా ఈడువాడు. వాగు అవతల పల్లెకు మొదటిసారి బియ్యం తీసుకెళ్ళినప్పుడు అక్కడి పెద్దరైతు మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. మేము తాగుతుంటే జీపును కొత్తగా కొన్న ఎద్దును చూసినట్టు చుట్టూ తిరిగి చూశాడు. చక్రాల బురద కడిగాడు. బానెట్‌కు పసుపు రాశాడు. అప్పటికి ఆ ఊళ్ళో జబ్బు లేదు.

మళ్ళీ, ఈసారి డాక్టరమ్మతో వెళ్ళేసరికి ఉంది. దారి పొడవునా మిరప మొక్కలు నీళ్ళలో నిలబడి నల్లబడ్డాయి. పత్తి కాయల్లోనే కుళ్ళింది. గేరు అప్పటికే మొండికేస్తోంది.

“ఏరా, మూడు నుంచి రెండుకి దించాలంటే భుజం ఊడొస్తోంది,” అన్నాడు డ్రైవరు.

“వాగు దాటనీ, చూద్దాం.”

వాగు దాటాం. ఊరి పొలిమేరలో దారికి అడ్డంగా పసుపు పూసిన తాడు, దానికి వేపమండలు. దాని ముందు చక్రం మునిగేంత ఊబి. ఒకటో గేరు వేస్తే తప్ప జీపు ఎక్కదు. డ్రైవరు రెండు చేతులతో గేరు కర్రను నెట్టాడు. పడలేదు. ముందు చక్రాలు ఊబిలో దిగి జీపు అక్కడే ఆగింది. తాడు అవతల పెద్దరైతు నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఇంట్లో ఎవరికండీ?” అని అడిగింది డాక్టరమ్మ.

“మా కోడలికి తల్లీ. తెల్లారకముందు నుంచి కక్కుతోంది. చేతులు చల్లబడ్డాయి.”

“మంచంతో ఇక్కడికి మోయించండి. ఆసుపత్రికి చేరితే నిలబడుతుంది.”

“ఇది గత్తరమ్మ తెచ్చిన జబ్బు. ఆమెకి కట్టడి వేశాం. జాతర అయ్యేదాకా లోపలోళ్ళు బయటికి రాకూడదు, బయటోళ్ళు లోపలికి రాకూడదు. నువ్వే చూడు, మీ బండిని అమ్మ ఎక్కడ ఆపిందో. తాడుకి బెత్తెడు దూరంలో.”

అతని వెనక చేరిన జనం తలలూపారు. డ్రైవరు గేరు కర్ర మీంచి చెయ్యి తీసేశాడు. రెండు చేతులూ దగ్గరికి వస్తున్నాయి.

“దణ్ణం తర్వాత పెడుదువు గాని. ముందు ఇంజను ఆపు,” అన్నాను.

అయ్యలారా, గేరు బిగిస్తే మెకానిక్ ఏం చేస్తాడో వినండి. కారణం ఆకాశంలో వెతకడు. అనుమానాలన్నీ ముందు పెట్టుకుని ఒక్కొక్కదాన్నే పరీక్షించి కొట్టేస్తాడు. మిగిలినదాన్ని పట్టుకుంటాడు. మన దేశానికి ఇంతకంటే పెద్ద శాస్త్రం అప్పుడూ అక్కర్లేదు, ఇప్పుడూ అక్కర్లేదు.

ఇంజను నడుస్తున్నప్పుడు బిగిసి, ఆపాక తేలిగ్గా పడితే తప్పు క్లచ్‌ది. ఆపాక కూడా పడలేదు. క్లచ్ నిర్దోషి. బురదలో వెల్లకిలా దూరి గేరుపెట్టె పక్క బిరడా విప్పాను. చిటికెన వేలు పెట్టి చూశాను. ఆయిలు సరిపడా ఉంది. వాగు నీళ్ళు చేరితే పాలలా తెల్లబడాలి. తెల్లబడలేదు. అదీ కొట్టేశాను. ఇక గేరు కర్ర. దాని రబ్బరు తొడుగు ఎత్తి, మూత విప్పి, కర్రను పైకి లాగేశాను. ఆ రంధ్రంలోంచి స్క్రూడ్రైవరు పెట్టి లోపలి కడ్డీలను నెట్టాను. వెన్నలో వేలు పెట్టినట్టు జరిగాయి. గేరుపెట్టె బాగుంది. తప్పంతా కర్ర అడుగున, అది కదిలే గిన్నెలో ఉంది.

కర్ర అడుగున గుండుకు నల్లటి జిగురు, లక్కలా పట్టేసింది. వాసన చూశాను. ఆముదం. కాల్చిన గడ్డి.

“ఇది కందెన కదరా,” అన్నాడు డ్రైవరు. “ఎడ్లబండి ఇరుసుకి పెట్టేది.”

వైర్‌లెస్ గరగరలాడింది. బ్యారన్‌లో ఉన్న ఆపరేటరు.

“కబురు లేదేం, ఆగిపోయారా? ఎడ్లని పంపమంటారా? ఓవర్.”

“ఎడ్లు వద్దు. పెట్రోలు గుడ్డ చాలు. ఓవర్.”

కర్రను తాడు దగ్గరికి తీసుకెళ్ళి అందరికీ కనిపించేలా ఎత్తాను. మా ఊరి చర్చా సంఘంలో మూఢనమ్మకాల మీద నేర్చిన వాదాలన్నీ గొంతులోకి వచ్చేశాయి.

“హవల్దారు గారూ, ఉపన్యాసం ఆసుపత్రి నుంచి వచ్చాక,” అంది డాక్టరమ్మ.

పెద్దరైతు ముందుకు వంగాడు. జిగురును వేళ్ళ మధ్య నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“ఇది మా ఇంటి కందెనే,” అన్నాడు. “ఆ రోజు మీరు మజ్జిగ తాగుతుంటే నేనే పెట్టా. కర్ర కిర్రుమంటోందని తొడుగెత్తి కూరా. ఇరుసుకి మంచిదైంది దీనికీ మంచిదనుకున్నా.”

“ఇరుసు గిర్రున తిరుగుతుంది, దానికి పనికొస్తుంది. ఇందులో మసి, దుమ్ము చేరి గడ్డకట్టింది.”

“అయితే అమ్మ ఆపలేదా?”

“ఆపింది మీరే.”

ఆ రెండు మాటలే అన్నాను. అంతకంటే మెత్తగా చెప్పేంత వ్యవధి ఆ కోడలి ప్రాణానికి లేదు.

“శుభ్రం చేస్తే బండి పోద్దా?”

“చుట్ట కాలేలోపు.”

“చెయ్యి మరి.” వెనక్కి తిరిగి కేకేశాడు. “ఒరేయ్, అమ్మాయిని మంచంతో ఎత్తుకు రండ్రా.”

“మావా, కట్టడి?” అన్నారెవరో.

“నే కట్టిందే గదరా.”

తనే ముడి విప్పాడు. ఒక ముసలమ్మ మట్టి తీసి మా వైపు విసిరి శపించింది. ఎవరూ ఆపలేదు. గుండును, గిన్నెను పెట్రోలుతో తుడిచాను, చుక్క ఆయిలు వేశాను, కర్ర దించి మూత బిగించాను. డ్రైవరు రెండు వేళ్ళతో ఒకటో గేరు వేశాడు. బురద పట్టిన నా మొహం చూసి నవ్వాడు. జీపు ఊబిలోంచి పైకెక్కింది. కోడలిని వెనక పడుకోబెట్టి చీరాల వైపు తిప్పాం.

ఆమె బతికింది. డాక్టరమ్మ నరానికి ఉప్పునీళ్ళ సీసాలు ఎక్కించిన మర్నాడు కళ్ళు తెరిచి, గేదెకు కుడితి ఎవరు పెడుతున్నారని అడిగిందట. ఊళ్ళో సగం మంది సూది వేయించుకున్నారు. మిగతా సగం జాతర చేశారు. నేను గెలిచానని చెప్పను.

డ్యూటీ ముగిశాక చీరాలలోనే రైలెక్కాం. తర్వాత మంచు కొండలు చూశాను, కాల్పులు చూశాను. వాటిలో చాలా మరిచిపోయాను. ఒకటి మాత్రం పోదు. మామ ఎదుట కోడలు కూర్చోకూడని ఇల్లు ఆ పెద్దరైతుది. ఆమెతో సూటిగా నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండడు. ఆ రోజు చీరాల దాకా, జీపు ప్రతి గుంతలో ఎగిరిపడుతుంటే, ఆ ముసలాయన వెనక నేల మీద కూర్చుని ఆమె చల్లబడిన పాదాలను తన ఒడిలో పెట్టుకున్నాడు. కందెన మసి అంటిన అరచేతులతో వాటిని రుద్దుతూనే ఉన్నాడు.